పాత ప్యాకింగ్ యంత్రానికి కొత్త మెదడు

కిరాణా కొట్టులో 200 గ్రాముల కారం ప్యాకెట్ కొనేవారు సాధారణంగా ధర, గడువు తేదీ చూసి సంచిలో వేసుకుంటారు. లోపల నిజంగా 200 గ్రాములు ఉందా, అతుకు గాలి చొరబడకుండా ఉందా అన్నది ఎవరూ తూచి, లాగి చూడరు. ఆ రెండూ ఒక యంత్రం చేతిలో ఉంటాయి. గుంటూరు మిర్చి అయినా, నిజామాబాద్ పసుపు అయినా చివరికి ఆ యంత్రం గుండానే ఇంటికి చేరుతుంది.

ఇలాంటి యంత్రాలు మన దేశంలోని చిన్న, మధ్యతరహా కర్మాగారాల్లో ఏళ్ల తరబడి పనిచేస్తుంటాయి. వాటి ఇనుప చట్రం, షాఫ్టులు ఇంకా గట్టిగానే ఉంటాయి. పాతబడేది వాటిని నడిపించే నియంత్రణ వ్యవస్థ. యంత్రాన్ని పారేయకుండా, ఆ నియంత్రణ భాగాన్ని మాత్రం తీసి కంప్యూటర్ ఆధారిత వ్యవస్థను అమర్చడాన్ని పరిశ్రమల్లో ‘రెట్రోఫిట్’ అంటారు. దీని వెనుక ఉన్న విజ్ఞానం ఏమిటి, దీనివల్ల ఏం మారుతుంది, ఏం మారదు అన్నది తెలుసుకుందాం.

యంత్రం చేసే మూడు పనులు

పొడులు నింపే నిలువు ప్యాకింగ్ యంత్రం మూడు పనులు చేస్తుంది: సంచిని తయారు చేయడం, నింపడం, అతకడం. రోల్ నుంచి వచ్చే ఫిల్మ్ చొక్కా కాలర్‌లా వంగి ఉన్న లోహపు భాగం మీదుగా సాగి, ఒక గొట్టం చుట్టూ చుట్టుకుంటుంది. దాని రెండు అంచులను నిలువుగా అతికితే పొడవాటి ప్లాస్టిక్ గొట్టం తయారవుతుంది. దాని కింద రెండు వేడి దవడలు ముందుకు వచ్చి అడ్డంగా నొక్కుతాయి. ఒకే నొక్కుతో కింది ప్యాకెట్ మూతి, పై ప్యాకెట్ అడుగు రెండూ అతుక్కుంటాయి. మధ్యలో ఉన్న కత్తి వాటిని విడదీస్తుంది. ఈలోగా పై నుంచి కారం పొడి పడుతుంది.

నిమిషానికి 60 ప్యాకెట్ల వేగంతో నడిచే యంత్రంలో ఈ తతంగమంతా ఒక్క సెకనులో పూర్తి కావాలి. పొడి ఇంకా పడుతుండగా దవడలు మూసుకుంటే అతుకులో కారం ఇరుక్కుంటుంది. దవడలు తెరుచుకోకముందే ఫిల్మ్ కదిలితే చిరుగుతుంది. కాబట్టి నియంత్రణ వ్యవస్థ మొదటి బాధ్యత ప్రతి పనినీ దాని వంతు రాగానే చేయించడం.

పాత పద్ధతి

పాత యంత్రాల్లో ఈ వరుసను లోహమే గుర్తుపెట్టుకునేది. ఒక పెద్ద మోటారు ప్రధాన షాఫ్టును తిప్పుతుంది. దాని మీద ఉండే కామ్‌లు, అంటే ప్రత్యేక ఆకారంలో చెక్కిన చక్రాలు, ఒక్కో చుట్టులో ఒక్కో లివర్‌ను సరైన సమయానికి నెడతాయి. విద్యుత్ పనులను రిలేలు, టైమర్లు చూసుకుంటాయి. దవడల వేడిని థర్మోస్టాట్ నియంత్రిస్తుంది.

ఇది తెలివైన ఏర్పాటే. అయితే కామ్ అంచు అరిగేకొద్దీ సమయం జరుగుతుంది. రిలే కాంటాక్టులు మసిబారి ఒకసారి పనిచేసి మరోసారి మొరాయిస్తాయి. 200 గ్రాముల ప్యాకెట్ నుంచి 100 గ్రాములకు మారాలంటే ఫిట్టర్ స్పానర్లు పట్టుకుని గేర్లు, లివర్లు సర్దాలి. అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ యంత్రానికి తాను చేసిన పని సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు. ప్యాకెట్‌లో 194 గ్రాములు పడినా, 207 పడినా అది అదే లయలో తిరుగుతూ ఉంటుంది.

రిలేల అడవి నుంచి పీఎల్‌సీ వరకు

ఈ సమస్యకు పరిష్కారం మొదట కార్ల పరిశ్రమలో దొరికింది. 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు చెందిన హైడ్రామాటిక్ విభాగం, రిలే ప్యానెళ్లకు బదులుగా వాడదగ్గ ఎలక్ట్రానిక్ నియంత్రికను కోరింది. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ వందల రిలేల తీగలు విప్పి మళ్లీ కలపడం వారికి భారంగా మారింది. డిక్ మోర్లీ బృందం రూపొందించిన యంత్రం ఈ అవసరాన్ని తీర్చింది. అది వారి సంస్థ చేపట్టిన 84వ ప్రాజెక్టు కావడంతో దానికి ‘మోడికాన్ 084’ అని పేరు వచ్చింది. ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, అంటే పీఎల్‌సీ, చరిత్రలో అది తొలి అడుగుల్లో ఒకటి.

పీఎల్‌సీ ఎడతెగకుండా ఒకే చక్రం తిరుగుతుంది. ముందుగా సెన్సర్లు, స్విచ్‌ల స్థితిని చదువుతుంది. తర్వాత తనలో ఉన్న ప్రోగ్రామును మొదటి నుంచి చివరి వరకు అమలు చేస్తుంది. ఆ ఫలితం ప్రకారం మోటార్లు, వాల్వులు, హీటర్లకు ఆదేశాలు ఇస్తుంది. మళ్లీ మొదటికి వస్తుంది. ఒక చక్రానికి పట్టే సమయం సాధారణంగా కొన్ని మిల్లీసెకన్లే.

దీని ప్రోగ్రామును నిచ్చెన మెట్లలా గీసే పద్ధతిని ‘ల్యాడర్ లాజిక్’ అంటారు. రిలే సర్క్యూట్ బొమ్మలు చదవడం వచ్చిన ఎలక్ట్రీషియన్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. కొత్త సాంకేతికత కార్మికులకు అలవాటైన గుర్తుల్లోనే రావడం దాని వ్యాప్తికి బాగా తోడ్పడింది. పీఎల్‌సీ భాషలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61131-3 తొలిసారి 1993లో వెలువడింది.

వేడిని అదుపు చేసే గణితం

అతుకు బలం మూడింటి మీద ఆధారపడుతుంది: ఉష్ణోగ్రత, ఒత్తిడి, దవడలు పట్టి ఉంచే సమయం. మసాలా ప్యాకెట్ల ఫిల్మ్‌లో సాధారణంగా ఒకటికన్నా ఎక్కువ పొరలు ఉంటాయి. లోపలి పొర తక్కువ సాంద్రత గల పాలిథిన్ అయితే అది సుమారు 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. బయటి పాలియెస్టర్ పొర కరగాలంటే దాదాపు 250 డిగ్రీలు కావాలి. అందుకే లోపలి పొర కరిగి అతుక్కున్నా బయటి అచ్చు చెక్కుచెదరదు. దవడలు ఫిల్మ్‌ను పట్టి ఉంచేది క్షణకాలమే కాబట్టి లోపలికి వేడి చేరడానికి వాటిని కరిగే ఉష్ణోగ్రత కంటే ఎక్కువ వేడిగా ఉంచాలి.

థర్మోస్టాట్‌కు తెలిసినవి రెండే పనులు: హీటరు వేయడం, ఆపడం. కావలసిన వేడి దాటాక ఆపుతుంది, తగ్గాక వేస్తుంది. ఇనుప దవడలో వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి ఆపిన తర్వాత కూడా ఉష్ణోగ్రత కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. ఈ ఊగిసలాటలో కొన్ని ప్యాకెట్లు సరిగా అతుక్కోవు, కొన్ని మాడిపోతాయి.

పెనం మీద దోశలు వేసే చేయి ఇంతకన్నా నేర్పుగా పనిచేస్తుంది. పెనం ఎంత చల్లబడిందో చూసి మంటను అంతమేరకు పెంచుతుంది. చాలాసేపటిగా దోశలు పచ్చిగానే వస్తుంటే మంట ఇంకాస్త ఎక్కువ ఉంచుతుంది. పెనం గబగబా వేడెక్కుతోందని తోస్తే పొగ రాకముందే మంట తగ్గిస్తుంది. పీఐడీ నియంత్రణ చేసేది ఇదే. ఇందులో మొదటి భాగం ఇప్పుడున్న తేడాను, రెండోది ఇంతవరకు పేరుకున్న తేడాను, మూడోది తేడా మారుతున్న వేగాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఓడలను దారి తప్పకుండా నడపడం గురించి నికొలాస్ మినోర్‌స్కీ 1922లో రాసిన పత్రంలో దీనికి సైద్ధాంతిక పునాది పడింది. మూడు భాగాలకు ఎంతెంత బరువు ఇవ్వాలో తేల్చే పద్ధతిని 1942లో జీగ్లర్, నికోల్స్ ప్రతిపాదించారు. నేటి పీఎల్‌సీలో ఇది అంతర్భాగం. థర్మోకపుల్ ఇచ్చే కొలతను బట్టి హీటరుకు ఎంత శక్తి పంపాలో అది క్షణక్షణం లెక్కిస్తుంది.

అచ్చు గుర్తు, 3 మిల్లీమీటర్ల తేడా

అచ్చువేసిన ఫిల్మ్‌ను ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట కోయాలి. అందుకోసం ఫిల్మ్ అంచున చిన్న ముదురు రంగు గుర్తు ఉంటుంది. ప్యాకింగ్ పనివారు దాన్ని ‘ఐ మార్క్’ అంటారు. ఫిల్మ్ ఒక్కో ప్యాకెట్‌కు అర మిల్లీమీటరు ఎక్కువ సాగినా, సరిదిద్దకపోతే 20 ప్యాకెట్ల తర్వాత కత్తి 10 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. బ్రాండు పేరు సగానికి తెగుతుంది.

కాంతి సెన్సర్ గుర్తును చూడగానే ఫిల్మ్ ఆపితే సరిపోతుందనిపిస్తుంది. అయితే ఒక చిక్కుంది. ఫిల్మ్ సెకనుకు 300 మిల్లీమీటర్ల వేగంతో వెళ్తోందనీ, పీఎల్‌సీ చక్రం 10 మిల్లీసెకన్లనీ అనుకుందాం. పీఎల్‌సీ ఒకసారి చూసి మళ్లీ చూసేలోగా ఫిల్మ్ 3 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. అంటే గుర్తు ఎప్పుడు దాటిందో 3 మిల్లీమీటర్ల మేర అనిశ్చితి మిగిలిపోతుంది. అందుకే ఇలాంటి సంకేతాలను మామూలు ఇన్‌పుట్‌కు కాకుండా, ప్రోగ్రాము చక్రం కోసం ఆగని హైస్పీడ్ ఇన్‌పుట్‌కు కలుపుతారు. సెన్సర్ మారిన క్షణంలో మోటారు ఎక్కడ ఉందో అది అక్కడికక్కడే నమోదు చేస్తుంది. రెట్రోఫిట్‌లో మంచి పీఎల్‌సీ కొన్నా కోత కుదరకపోవడానికి ఈ చిన్న వివరాన్ని మరచిపోవడం కూడా ఒక కారణం.

ఫిల్మ్ లాగే పనిని ఇప్పుడు సర్వో మోటారు చేస్తుంది. తన ఇరుసు ఏ కోణంలో ఉందో నిరంతరం కొలిచే ఎన్‌కోడర్ దానిలో ఉంటుంది. 17 బిట్ల ఎన్‌కోడర్ ఒక చుట్టును 1,31,072 భాగాలుగా గుర్తించగలదు. అరిగిపోయే లోహపు కామ్ స్థానంలో ‘ఎలక్ట్రానిక్ కామ్’ వస్తుంది. ఏ క్షణానికి ఏ మోటారు ఎక్కడ ఉండాలో చెప్పే పట్టిక అది. ప్యాకెట్ పొడవు మార్చాలంటే తెర మీద అంకె మార్చితే చాలు.

తూకం: చట్టం, లాభం, గణాంకాలు

పొడిని కొలిచి వేసేది ఆగర్ అనే మరస్క్రూ. అది ఎన్ని చుట్లు తిరిగితే అంత పొడి పడుతుంది. చుట్టుకు 20 గ్రాములు పడే స్క్రూ 200 గ్రాములకు 10 చుట్లు తిరగాలి. పాత యంత్రాల్లో దాన్ని క్లచ్, బ్రేకు ఆపేవి. బ్రేకు అరిగి ఆగే చోటు చుట్టులో పదో వంతు అటూ ఇటూ అయితే 2 గ్రాముల తేడా వస్తుంది. సర్వో మోటారు ఈ తేడాను దాదాపు లేకుండా చేస్తుంది. అయినా మరో తేడా మిగులుతుంది. హాపర్‌లో పొడి మట్టం తగ్గినా, వానాకాలం తేమకు పొడి ముద్దకట్టినా ఒక్కో చుట్టుకు పడే బరువు మారుతుంది. దీన్ని పట్టుకోవాలంటే ప్రతి ప్యాకెట్‌నూ తూచే చెక్‌వెయర్ కావాలి.

లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011 ప్రకారం 200 గ్రాముల ప్యాకెట్‌లో అనుమతించే గరిష్ఠ లోటు 9 గ్రాములు. అలాగని ప్రతి ప్యాకెట్‌లో 9 గ్రాములు తగ్గించి అమ్మడం కుదరదు. తనిఖీకి తీసిన నమూనాల సగటు, ప్యాకెట్ మీద రాసిన బరువుకు తగ్గకూడదు. తూకంలో హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న కర్మాగారం భయంతో కొంచెం ఎక్కువే నింపుతుంది. ప్యాకెట్‌కు సగటున 3 గ్రాములు అదనంగా వేస్తున్నారనుకుందాం. నిమిషానికి 60 చొప్పున 8 గంటలు నడిస్తే 28,800 ప్యాకెట్లు. అంటే రోజుకు 86.4 కిలోల కారం ఊరికే పోతుంది. హెచ్చుతగ్గులు తగ్గి, అదనం 1 గ్రాముకు దిగితే ఆ నష్టం 28.8 కిలోలకు పరిమితమవుతుంది. చాలా చోట్ల రెట్రోఫిట్ ఖర్చును తిరిగి రాబట్టేది ఈ లెక్కే. కొనేవారికి సరైన తూకం, అమ్మేవారికి తక్కువ నష్టం రెండూ ఒకే మార్పుతో వస్తాయి.

ఇక్కడ ఒక ఉచ్చు కూడా ఉంది. ప్యాకెట్ 3 గ్రాములు తక్కువ వచ్చిందని తర్వాతి దానికి 3 గ్రాములు పెంచి, 2 ఎక్కువ వచ్చిందని 2 తగ్గిస్తూ పోతే తూకం మెరుగుపడుతుందా? పడదు, ఇంకా చెడుతుంది. అమెరికన్ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ గరాటు ప్రయోగంతో దీన్ని చూపించేవారు. గురి మీద నిలిపిన గరాటులోంచి గోళీలు జారవిడిచి, ప్రతి గోళీ పడిన చోటును బట్టి గరాటును జరుపుతూ పోతే, కదపకుండా ఉంచినప్పటికన్నా గోళీలు ఎక్కువగా చెదురుతాయి. యాదృచ్ఛికంగా వచ్చే ప్రతి తేడాకూ ఇలా స్పందిస్తే విస్తృతి రెట్టింపవుతుంది, ప్రామాణిక విచలనం సుమారు 41 శాతం పెరుగుతుంది. అందుకే మంచి ప్రోగ్రాము ఒక్క ప్యాకెట్‌ను చూసి తొందరపడదు. వరుసగా కొన్ని ప్యాకెట్ల సగటు ఒకే వైపు జరుగుతోందని తేలాకే స్క్రూ చుట్లను కొద్దిగా సవరిస్తుంది.

చిప్స్ వంటి పదార్థాలకు మరో మార్గం ఉంది. జపాన్‌కు చెందిన ఇషిదా సంస్థ 1972లో పచ్చి క్యాప్సికం తూకం కోసం కంప్యూటర్ తూనికయంత్రాన్ని తయారుచేసింది. పదార్థాన్ని అనేక చిన్న తొట్లలో పోసి, ఏ తొట్లను కలిపితే కావలసిన బరువుకు అతి దగ్గరగా వస్తుందో అది లెక్కగడుతుంది. 14 తొట్లలో ఏ 4 ఎంచుకోవాలన్నా 1001 కలయికలు ఉంటాయి. మనిషి ఇది చేయలేడు, కామ్ చేయలేదు. కంప్యూటర్‌కు మాత్రం ఇది రెప్పపాటు పని.

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలి

రెట్రోఫిట్ మొదటి మెట్టు కొత్త పరికరాలు కొనడం కాదు, పాత యంత్రాన్ని చదవడం. బేరింగులు, దవడలు, ఫిల్మ్ రోలర్లు ఎలా ఉన్నాయో ముందు చూడాలి. వంగిన దవడను ఏ ప్రోగ్రామూ సరిచేయలేదు. తర్వాత యంత్రంలోని ప్రతి స్విచ్, సెన్సర్, వాల్వు, మోటారుకు ఒక జాబితా రాయాలి. ఏది జరిగాక ఏది జరగాలి, మధ్యలో ఏదైనా తప్పితే యంత్రం ఏం చేయాలి అన్నది కాగితం మీద తేలాకే ప్రోగ్రాము రాయాలి.

కంట్రోల్ ప్యానెల్‌ను మన పరిస్థితులకు తగ్గట్టు కట్టాలి. మసాలా ధూళి, వేసవి వేడి, విద్యుత్ హెచ్చుతగ్గులు ఎలక్ట్రానిక్స్‌కు శత్రువులు. మోటారు డ్రైవ్‌ల తీగల నుంచి వెలువడే విద్యుత్ అలజడి పక్కనున్న సెన్సర్ తీగల్లోకి చొరబడుతుంది. అందుకే రెండింటినీ వేర్వేరు మార్గాల్లో వేసి, సెన్సర్లకు కవచమున్న కేబుళ్లు వాడి, ఎర్తింగ్ సరిగా చేస్తారు.

కొత్త వ్యవస్థ వచ్చాక తెర మీద లెక్కలు కూడా కనిపిస్తాయి. 480 నిమిషాల షిఫ్టులో 96 నిమిషాలు యంత్రం ఆగితే లభ్యత 80 శాతం. నిమిషానికి 60 రావలసింది 54 వస్తే వేగం 90 శాతం. వాటిలో మంచివి 95 శాతం. మూడింటినీ గుణిస్తే 68.4 శాతం. యంత్రం రోజంతా తిరుగుతున్నట్టే కనిపించినా దాదాపు మూడో వంతు సామర్థ్యం ఎక్కడ పోతోందో ఈ అంకె చెబుతుంది.

చేతులను కాపాడే తీగ

దవడల మధ్య ఇరుక్కున్న ఫిల్మ్‌ను తీయడానికి చేయి పెట్టడం ప్యాకింగ్ యంత్రాల దగ్గర అత్యంత ప్రమాదకరమైన అలవాటు. అందుకే భద్రతను మామూలు ప్రోగ్రాముకు మాత్రమే వదిలేయకూడదు. ఎర్ర అత్యవసర బటన్, తలుపు స్విచ్ రెండూ జంట మార్గాల్లో సేఫ్టీ రిలేకు లేదా భద్రత కోసమే ప్రత్యేకంగా తయారైన పీఎల్‌సీకి కలపాలి. ఒక తీగ తెగినా, ఒక కాంటాక్టు అతుక్కుపోయినా రెండోది యంత్రాన్ని ఆపాలి. దవడలను గాలి సిలిండర్ నడుపుతుంటే, మోటారుకు విద్యుత్ ఆగినంత మాత్రాన సరిపోదు, గాలి ఒత్తిడి కూడా విడుదల కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను మొదలు కాకూడదు.

నెట్‌వర్క్‌కు కలిపిన యంత్రానికి మరో రకం భద్రత కావాలి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ సీమెన్స్ పీఎల్‌సీలనే గురిపెట్టింది. యంత్రాలను నడిపే కంప్యూటర్లు కూడా దాడికి గురవుతాయని అది ప్రపంచానికి చూపింది. యంత్రాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు కలపకపోవడం, తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును మార్చడం, దూరం నుంచి లోపలికి వచ్చే దారిని అవసరమైనప్పుడే తెరవడం కనీస జాగ్రత్తలు.

ప్రోగ్రాము ఎవరిది?

చిన్న కర్మాగారాలు ఒప్పందం మీద సంతకం చేసేముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ప్రోగ్రామును పాస్‌వర్డుతో బంధించి, నకలు ఇవ్వకుండా వెళ్లిపోతే, మూడేళ్ల తర్వాత ఒక సెన్సర్ మార్చాలన్నా అదే మనిషి కోసం ఎదురుచూడాలి. వ్యాఖ్యలతో కూడిన మూల ప్రోగ్రాము, తాజా వైరింగ్ బొమ్మలు, సెట్టింగుల జాబితా యంత్రంతో పాటే చేతికి రావాలి. వాటి నకలు ప్యానెల్‌కు దూరంగా మరోచోట భద్రంగా ఉండాలి.

తెర మీది సందేశాలు తెలుగులో ఉంటే ఇంకా మేలు. ‘ఎర్రర్ 27’ అని కనిపిస్తే ఆపరేటర్ ఫోన్ అందుకుంటారు. ‘కింది దవడ వేడెక్కలేదు’ అని కనిపిస్తే హీటరు తీగ చూస్తారు. అలాగే ప్రోగ్రాము రాసేవారు ముందుగా కూర్చుని మాట్లాడాల్సింది ఏళ్లుగా ఆ యంత్రాన్ని నడిపిన ఆపరేటర్‌తోనే. ఏ రోల్‌తో ఫిల్మ్ జారుతుందో, వానాకాలంలో పొడి ఎలా ముద్దకడుతుందో, ఏ శబ్దం తర్వాత యంత్రం ఆగుతుందో వారికి తెలుసు. రిలేల ప్యానెల్‌లో ఎక్కడా రాసి లేని ఆ అనుభవం ప్రోగ్రాములోకి చేరితేనే పాత యంత్రానికి కొత్త మెదడు సరిగ్గా అమరుతుంది.